పదకొండో నిమిషంలో పీక్

సాయంత్రం నాలుగున్నర. గడియారాల తాత కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది. బల్ల మీద రెండు టీ కప్పులు. ఒకటి ఖాళీ. రెండోది నిండుగా, మీగడ కట్టి ఉంది.

టీ తెచ్చింది పక్క గది టైలరమ్మ. రోజూ నాలుగింటికి ఇద్దరూ కలిసి తాగేవారు. ఇద్దరికీ వేరే దిక్కు లేదు, పాపం.

పోస్ట్‌మార్టంలో ఏమీ తేలలేదు. పదో రోజు ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది. ఖాళీ కప్పులో పురుగుమందు!

"ఇంకా చూస్తారేంటి మేడం? అరెస్ట్ చెయ్యండి!" స్టేషన్‌లో తాత మేనల్లుడు చిందులు తొక్కాడు.

సీఐ తలెత్తలేదు. "మీ మామయ్యని ఆఖరిసారి ఎప్పుడు చూశావ్?"

"అదీ... రెండేళ్లయింది."

"బాగుంది."

టైలరమ్మ మెడలో టేపుతోనే బెంచీ మీద కూర్చుని ఉంది.

"నీ కప్పు ఎందుకు తాగలేదు?"

"కస్టమర్ పిలిచింది మేడం. ఐదు నిమిషాల్లో వస్తా బాబాయ్ అని వెళ్లా. అరగంటైంది."

అరెస్ట్ కాగితం సిద్ధం. సంతకమే తరువాయి. సీఐ పెన్ను తీసింది. చివరిసారిగా రిపోర్ట్ తిరగేసింది. ఒకే కప్పుకి రెండు గ్రాఫులు. పొద్దున 10.50కి తీసింది ఒకటి, 11.30కి తీసింది ఒకటి.

పెన్ను మూసి, జీపెక్కింది.

ల్యాబ్‌లో అనలిస్ట్ ఒక్కడే ఉన్నాడు. నలుగురి పని ఒక్కడి నెత్తిన.

"సన్నటి గొట్టంలోంచి ఒక్కో పదార్థం ఒక్కో టైంకి బయటికొస్తుంది మేడం. మాస్ స్పెక్ అనే ఈ మెషీన్ దాన్ని ముక్కలు చేసి, ఆ ముక్కల బరువుని బట్టి పేరు చెప్తుంది. పదకొండో నిమిషంలో గీత శిఖరంలా లేచిందే, ఆ పీక్ పురుగుమందుదే. డౌటే లేదు."

"మరి అదే కప్పు శాంపిల్ మెషీన్‌కి మళ్లీ ఎక్కిస్తే పీక్ సగానికి ఎందుకు పడిపోయింది? కప్పులో ఉన్న మందైతే రెండుసార్లూ ఒకేలా రావాలిగా?"

అతను రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"దీనికి ముందు ఏం ఎక్కించారు?"

రిజిస్టర్ తెరిచాడు. "10.10కి... వేరే కేసు పురుగుమందు సీసా."

"మధ్యలో?"

"ఏ శాంపిలూ కలపని ఉత్త ద్రావకం, సాల్వెంట్, పంపి గొట్టం కడగాలి. ఆ రోజు మర్చిపోయా. గుర్తుచెయ్యడానికి ఇక్కడ ఇంకెవరున్నారు మేడం?"

మూడుసార్లు కడిగాడు. దాచి ఉంచిన కప్పు శాంపిల్ మళ్లీ ఎక్కించాడు. ఇద్దరూ స్క్రీన్ ముందు నిలబడ్డారు. పదకొండో నిమిషం వచ్చింది, వెళ్లింది. గీత చదునుగానే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం తాత గదిలో సీఐ మేనల్లుడికీ టైలరమ్మకీ అంతా విడమరిచి చెప్పింది. "ఆ మందు అంతకుముందు సీసాది. మెషీన్‌లో మిగిలిపోయింది. మళ్లీ ఎక్కించేసరికి తగ్గింది. తాతని ఎవరూ చంపలేదు. వయసు మీదపడి గుండె దానంతటదే ఆగిపోయింది."

మేనల్లుడు వాచీ చూసుకుని వెళ్లిపోయాడు.

టైలరమ్మ మాత్రం కదల్లేదు. "నేను పక్కనుంటే బతికేవాడేమో మేడం. ఒక్కడే పోయాడు."

టైం నాలుగైంది. టైలరమ్మ అలవాటుగా లేచి వెళ్లి, రెండు కప్పులతో తిరిగొచ్చింది. రెండోది చూసుకుని ఘొల్లుమంది.

సీఐ టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఇంట్లో తన కోసం ఎదురుచూసేవాళ్లూ ఎవరూ లేరు.

"ఇలా ఇవ్వు. కూర్చో, నేనెక్కడికీ వెళ్లను" అంది.