చిరునామా ఫైల్ తెరుచుకోలేదు

మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు లైబ్రరీ మెట్ల మీద నెమలి మూడు తూటాలకు నేలకొరిగింది. సైలెన్సర్ బిగించిన తుపాకీ కావడంతో, పక్కనే పేపరు చదువుకుంటున్న పెద్దమనిషి ఆమె కాలు జారి పడిందనుకుని చెయ్యి అందించబోయాడు.

నెమలి అన్నది సీక్రెట్ సర్వీస్ ఆమెకిచ్చిన కోడ్ నేమ్. విదేశీ ముఠాలో డబుల్ ఏజెంట్‌గా పదకొండు నెలలు నెగ్గుకొచ్చింది. సిల్కు గౌను, నల్ల కళ్లద్దాలు, ఎంతటివాడినైనా ఒక్క నవ్వుతో బోల్తా కొట్టించే నేర్పు. అదే సర్వీస్‌లో పనిచేసే ఏజెంట్ డేగకి ఆమె భార్య. ఆ సంగతి చీఫ్‌కి తప్ప ఇంకెవరికీ తెలియదు. అందుకే ఆ మధ్యాహ్నం డేగకి నలుగురిలో కళ్లు తుడుచుకునే వీలు కూడా లేకపోయింది.

మూడూ ఇరవై. కుట్టుమిషన్ల రిపేరు షాపు వెనక గది. చీఫ్ ఒక లిప్‌స్టిక్ గొట్టం అడుగు తిప్పి, అందులోంచి గోరంత మెమరీ కార్డు తీశాడు.

"ఆమె పిడికిట్లో దొరికింది. నాలుగింటికి రెండు దేశాల మంత్రులు ఒప్పందం మీద సంతకాలు పెడుతున్నారు. ఆ సభ జరిగే హాల్లో మూడొందల మంది. బాంబు పెట్టారని తెలుసు. ఎక్కడన్నది ఇందులో ఉండాలి."

"జనాన్ని బయటికి పంపించెయ్యచ్చుగా సార్?"

"బయటికంటే తోటలోకే. వేరే దారి లేదు. బాంబు హాల్లో ఉందో తోటలో ఉందో తెలియకుండా ఎటు పంపమంటావ్? వెతికేవాళ్లు చేరేసరికి నాలుగు దాటుతుంది." చీఫ్ గొంతు తగ్గించాడు. "ఇంకోమాట. మూడు వారాలుగా ఆమె నుంచి కబురు లేదు. ముఠాకి అమ్ముడుపోయిందేమోనని నా అనుమానం. నువ్వేమంటావ్?"

డేగ కార్డుని కంప్యూటర్లో పెట్టాడు. 'నా భార్య అలాంటిది కాదు' అని ఎగిరిపడి ఉండాల్సింది. కానీ అనుమానం తనకీ ఉంది. అందుకు తన మీద తనకే సిగ్గేసింది.

కార్డులో రెండే ఉన్నాయి. ఒకటి 'చిరునామా' అనే ఫైల్. రెండోది ఆమె రాసిన ప్రోగ్రామ్. ముఠావాడొకడు పైకి కంప్యూటర్ క్లాసులు నడిపేవాడు. వాడిని కనిపెట్టడానికి నెమలి అక్కడ స్టూడెంట్‌గా చేరి, నిజంగానే పాఠాలు నేర్చుకుంది. రెండు నెలల కిందట దొంగచాటుగా కలిసినప్పుడు ఈ ప్రోగ్రామ్‌ని మొగుడికి మురిసిపోతూ చూపించింది. అది ఫైల్ పేరు అడుగుతుంది, తెరుస్తుంది, లోపలి అంకెల్ని అక్షరాలుగా మార్చి చూపిస్తుంది.

"ఫైల్ దొరక్కపోతే?" అని అడిగాడు అప్పుడు.

"మర్యాదగా సారీ చెప్తుంది. మీలాగా కసురుకోదు."

డేగ ఇప్పుడు పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టాడు. 'సారీ అండీ, ఈ ఫైల్ తెరవలేకపోయాను' అంది స్క్రీన్. మళ్లీ కొట్టాడు. మళ్లీ సారీ.

"కార్డు పాడైపోయిందేమో!" అన్నాడు చీఫ్. "కంప్యూటర్ సెక్షన్ ఆవిడ ట్రాఫిక్‌లో ఉంది, నలభై నిమిషాలు పడుతుందట."

"పాడవలేదు సార్. ఫైల్ విడిగా తెరిస్తే అంకెలు కనిపిస్తున్నాయి. రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉన్నాయి. ఎదురుగా పెట్టుకుని లేదంటోంది."

డేగ ప్రోగ్రామ్ కోడ్ తెరిచాడు. ఒక లైన్ పనిచేయకుండా దాని ముందు ఒక గుర్తు పెట్టి, పక్కన ఆమె నోట్ రాసుకుంది: 'ఫైల్ తెరుచుకోకపోతే, యూజర్ కొట్టిన పేరుని బ్రాకెట్లలో ప్రింట్ చేసి చూడాలి. మనం కొట్టామనుకున్నది వేరు, దానికి అందింది వేరు కావచ్చు.' అతను ఆ గుర్తు తీసేసి మళ్లీ నడిపించాడు.

[చిరునామా ]

చివరి అక్షరానికీ బ్రాకెట్‌కీ మధ్య ఖాళీ ఉంది. డేగ తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

సర్వీస్‌లో అందరికీ ఉన్న అలవాటది. ఏ పేరు టైప్ చేసినా చివర ఒక స్పేస్ కొడతారు. స్పేస్ ఉంటే, నేను క్షేమం, రాసింది నిజం అని. లేకపోతే, నా వెనక తుపాకీ ఉంది, ఒక్క ముక్కా నమ్మొద్దు అని. ఎనిమిదేళ్లుగా అతని వేలు మనసుతో పనిలేకుండా ఆ పని చేస్తోంది. ప్రోగ్రామ్ అమాయకంగా స్పేస్‌తో సహా వెతుకుతోంది. నెమలి సేవ్ చేసిన పేరులో ఆ స్పేస్ లేదు.

బొటనవేలిని రెండో చేత్తో పట్టుకుని మరీ టైప్ చేశాడు. ఫైల్ తెరుచుకుంది.

'బాంబు హాల్లో వేదిక కింద ఉంది. అందరినీ తోటలోకి పంపండి.'

చీఫ్ ఫోన్ అందుకున్నాడు. డేగ ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దు సార్! ఇది పక్కన కూర్చుని ఎవరో రాయించారు. బాంబు తోటలో ఉంది."

"స్పేస్ కొట్టడం మర్చిపోయిందేమోనయ్యా!"

"ఇంట్లో సరుకుల లిస్టు టైప్ చేసినా స్పేస్ కొట్టే మనిషి సార్ ఆవిడ."

"నీ మాట తప్పైతే?"

"మూడొందల మంది పోతారు. తెలుసు."

మూడూ యాభై ఏడు. చీఫ్ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, ఫోన్‌లో అరిచాడు. "తోట తలుపులు మూసెయ్యండి! ఒక్కడు కూడా గడప దాటకూడదు!"

సరిగ్గా నాలుగింటికి ఫోన్ అవతల నుంచి పెద్ద చప్పుడు, ఆ వెంటనే అద్దాలు పగిలిన శబ్దం. తర్వాత సెక్యూరిటీ ఆఫీసర్ గొంతు. "తోటలో బాంబు పేలింది సార్. హాల్లో అందరూ క్షేమం."

దొంగ కబురు ఆమె చేతే రాయించి, నిజమని నమ్మించడానికి ఆమెనే కాల్చి పడేశారు. తుపాకీ నీడలో ఆమె చేయగలిగింది ఒక్కటే, ఒక మీట నొక్కకుండా వదిలేయడం. అంతటి మనిషిని కట్టుకున్నవాడే అనుమానించాడు. డేగ బల్ల మీద తల వాల్చి భోరుమన్నాడు. చీఫ్ బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

నాలుగూ పదికి కంప్యూటర్ సెక్షన్ ఆవిడ ఆయాసపడుతూ వచ్చి, కోడ్ చూసి నవ్వేసింది.

"ఓస్, ఇంతేనా! కొత్తగా నేర్చుకునేవాళ్లు చేసే పొరపాటే ఇది. యూజర్ కొట్టిన పేరు చివరి ఖాళీల్ని కత్తిరించాక ఫైల్ తెరవాలి. ఒక్క లైన్ కలిపితే ఇంకెప్పుడూ ఎర్రర్ రాదు. అర నిమిషం పని."

"మీరు ముందే వచ్చి ఆ అర నిమిషం పని చేసుంటే, మాకు అనుమానమే వచ్చేది కాదు. మూడొందల మందిని మేమే తోటలోకి తోలేవాళ్లం," అన్నాడు డేగ.

ఆవిడ చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది.

"ఆ పొరపాటు అలాగే ఉంచండి మేడమ్," అన్నాడతను కళ్లు తుడుచుకుంటూ. "మా ఆవిడ నాకు మిగిల్చిన ఆస్తి అదొక్కటే."