ధార్‌కోట్ మంచు లెక్క

2012 డిసెంబర్ 3. సోమవారం. ఉదయం 9.10.

ద్వీపంలోని ఫీనిక్స్ బే పడవల జెట్టీకి ఎదురుగా ఉన్న ట్రావెల్స్ షాపులో బీరువా తెరిచి ఉంది. తాళం పగలలేదు. పై అరలో ఉండాల్సిన నల్ల అట్ట రిజిస్టర్ మాత్రం లేదు.

"ఇంకేం పోలేదా?" అడిగింది ఎస్సై రాజకుమారి.

"లేదు మేడమ్. అదొక్కటే," అంది షాపు నడిపే సుచరిత.

"అందులో ఏముంది?"

"మంచు."

రాజకుమారి రాస్తున్న పెన్ను ఆపింది. ఆ ద్వీపంలోనే, బతు బస్తీలో పుట్టి పెరిగిన మనిషి. ఫ్రిజ్‌లో తప్ప మంచు ఎరగదు.

సుచరిత వివరించింది. సునామీలో అయినవాళ్ళను పోగొట్టుకున్న ఇరవై రెండు మందిని గఢ్వాల్ కొండల్లోని ధార్‌కోట్‌కు తీసుకెళ్తోంది. వారం రోజులు స్కీయింగ్. వాళ్ళలో చాలామంది ఎనిమిదేళ్ళుగా అల చప్పుడు వినపడని చోట నిద్రపోలేదు.

"ఏ వారం వెళ్ళాలన్నదే అసలు ప్రశ్న మేడమ్. ఆ ఊళ్ళో పద్నాలుగు చలికాలాలు ఏ వారం ఎంత మంచు పడిందో, ఎప్పుడు దారి మూసుకుపోయిందో ఆ రిజిస్టర్‌లో ఉంది. దాంతో సరిచూసుకుని సాయంత్రం ఐదులోపు లాడ్జికి తేదీలు చెప్పాలి."

"మంచు ఎక్కువ పడే వారం వెళ్తే సరి కదా?"

"కాదు. మరీ ఎక్కువైతే కొండ మీది మంచు జారిపడుతుంది, దారి మూసుకుపోతుంది. తక్కువైతే స్కీ జారదు. మధ్యలో వారం కావాలి."

"లాడ్జి వాళ్ళనే అడగొచ్చుగా?"

"వాళ్ళకి ఏ వారమైనా మంచి వారమే."

టేబుల్ మీద ఈ ఉదయమే తీసిన ఒక ప్రింటవుట్ ఉంది. శనివారం సాయంత్రం రిజిస్టర్ చూసి టికెట్ క్లర్క్ కావేరి కంప్యూటర్‌లో ఎక్కించిన లెక్క అది. అడుగున ఒక్క వాక్యం: అనుకూలమైన వారం, జనవరి మూడోది.

రాజకుమారి ప్రింటవుట్‌ను మొదటి గడి నుంచి చివరి గడి దాకా వేలు పెట్టి చూసింది. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

"ఈ కొలతలు ఎవరివి?"

సుచరిత బీరువాలో ఖాళీగా ఉన్న పై అర వైపు చూసింది.

"దిగంబర్ రావత్ అని. మంచులో కూరుకుపోయినవాళ్ళను వెతికి తీసే పని ఆయనది. సునామీ వచ్చిన రెండో రోజు వాలంటీర్లతో ఇక్కడికి వచ్చారు. మా అమ్మ శవాన్ని వెతికి తెచ్చింది ఆయనే. నలభై రోజులు మా క్యాంపులోనే ఉన్నారు. మంచు అంటే ఎలా ఉంటుందని అడిగితే, ఎప్పుడు రావాలో లెక్కగట్టి చెప్తానన్నారు. తర్వాత ఏటా ఉత్తరం వచ్చేది. అన్నీ అంకెలే. పాత చలికాలాలవి కూడా కలిపి అన్నీ ఆ రిజిస్టర్‌లో ఎక్కించుకున్నాను. పోయినేడు ఆయన చనిపోయారు."

"ఆ ఉత్తరాలేవి?"

"మా ఆయన కాల్చేశాడు."

*

కంప్యూటర్‌లో ఆ ఫైల్ చివరిసారి సేవ్ అయిన టైమ్: ఆదివారం మధ్యాహ్నం 2.40. ఆ రోజు షాపుకు సెలవు. సుచరిత కాక తాళాలు ఉన్నవాళ్ళు ముగ్గురు.

ఉదయం 11.30. మొదటివాడు సుచరిత భర్త ప్రదీప్. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. చేతుల నిండా గ్రీజుతో వచ్చి నిలబడ్డాడు.

"ఉత్తరాలు నువ్వే కాల్చావా?"

"అవును మేడమ్. పెళ్ళయిన రెండో ఏడు."

"ఎందుకు?"

"మంట. డిసెంబర్ వచ్చిందంటే పోస్ట్‌మాన్ కోసం గుమ్మంలో నిలబడేది. నేను వారం రోజులు సముద్రం మీద ఉండి వస్తే ఎదురొచ్చింది లేదు. ఉత్తరం వస్తే పరుగెత్తేది."

"ఉత్తరంలో అంకెలేగా?"

"అంకెలే. అందుకే ఇంకా మండేది. తిట్టడానికి కూడా ఒక మాట లేదు అందులో."

"రిజిస్టర్ కూడా నువ్వే తీశావా?"

"తియ్యలేదు. చెప్తే ఎవరు నమ్ముతారు? సుచరితే నమ్మట్లేదు."

ఆదివారం మధ్యాహ్నం ఒక్కడే ఇంట్లో నిద్రపోయానన్నాడు. సాక్షి లేరు.

12.15. కావేరి. సునామీకి ఇల్లు పోయి, సుచరితతో పాటే క్యాంపులో ఉన్న పిల్ల.

"నిన్న మధ్యాహ్నం?"

"వండూర్ బీచ్‌కి పోయాను మేడమ్. ఒంటరిగానే. బస్సు టికెట్ పారేశాను."

"నిన్ను కొండకి తీసుకెళ్తున్నారా?"

"లేదు. షాపు ఎవరో ఒకరు చూడాల గదా." ఒక క్షణం ఆగింది. "బాధ ఉంది సుచరిత దీదీ మీద. అబద్ధమెందుకు? కానీ దీదీ అన్నం తిన్నదాన్ని."

12.50. పార్ట్‌నర్ జితేంద్ర. 2009లో శ్రీకాకుళం నుంచి వచ్చి ఈ షాపు పెట్టాడు. ఆ మరుసటి ఏడు సుచరిత వాటా కలిపింది.

"ఇపుడు జెట్టీలో ఎవరిని అడిగినా దీదీ ట్రావెల్స్ అంటారు మేడమ్," అన్నాడు నవ్వుతూ. కళ్ళు నవ్వలేదు. "బోర్డు మీద నా పేరుంది. చదివేదెవడు?"

"నిన్న మధ్యాహ్నం?"

"జెట్టీలో టూరిస్ట్ పార్టీని బోటు ఎక్కించాను. తర్వాత అక్కడే తిరిగాను."

"రావత్ గురించి నీకేం తెలుసు?"

"నాకేటి తెల్దు. ఎవరో పహాడీ ఆయన, కొండల మనిషి. దీదీకి ఉత్తరాల్లో పరిచయమట. ఆ కొండ దిగి ఎరగడంటారు." గొంతు తగ్గించాడు. "ప్రదీప్ భయ్యాని అడగండి. ఒకసారి కాల్చినోడు మళ్ళీ కాల్చడా?"

*

సాయంత్రం 4.05. నలుగురినీ షాపులో కూర్చోబెట్టింది రాజకుమారి. షట్టర్ సగం దించింది.

సుచరిత భర్త వైపు చూడలేదు. "ఒప్పేసుకో ప్రదీప్. రిజిస్టర్ ఇచ్చేయ్. నేను కేసు వద్దంటాను."

ప్రదీప్ తల దించుకున్నాడు.

"ఆగండి," అంది రాజకుమారి. ప్రింటవుట్ అతని ముందు పెట్టింది. "2005 జనవరి చూడు. ఏమైనా తేడాగా ఉందా?"

ప్రదీప్ వంగి చూశాడు. అతని ముఖం మారింది.

"ఇవెక్కడివి? ఇక్కడ ఏమీ ఉండకూడదు."

"ఎందుకు?"

"అప్పుడు ఆయన అక్కడ లేడు కదా! ఇక్కడున్నాడు. ఈమెతో. క్యాంపులో." ఆ గడుల మీద వేలు పెట్టాడు. "రిజిస్టర్‌లో ఆ నలభై రోజులు ఖాళీ. నేను ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచి చూశానో నాకే తెలుసు. ఆ ఖాళీ చూస్తే నాకు ఒళ్ళు మండేది."

"కావేరీ, శనివారం నువ్వు ఆ గడుల్లో ఏం వేశావు?"

"ఏం వెయ్యలేదు మేడమ్. రిజిస్టర్‌లోనే లేదు. రావత్ అంకుల్ అప్పుడు మాకు ఖిచిడీ వండుతూ ఇక్కడే ఉన్నారు."

రాజకుమారి లేచి నిలబడింది.

"ఆదివారం 2.40కి ఎవరో ఈ అంకెలు మార్చారు. జనవరి మూడో వారమే మంచిదని తేలేలా అప్పటి మంచు తగ్గించి రాసి ఉండాలి. సరిచూసే వీలు లేకుండా రిజిస్టర్ తీసేశారు. ఆ మనిషికి కొన్ని గడులు ఖాళీగా కనిపించాయి. రిజిస్టర్‌తో పోల్చి చూడకుండానే, కావేరి మరిచిపోయిందనుకున్నాడు. ఖాళీ ఉంటే రిజిస్టర్ ఏదని అడుగుతారని భయపడి, తానే అంకెలు వేశాడు. ప్రదీప్ అయితే వెయ్యడు. ఆ ఖాళీ సంగతి అందరికంటే అతనికే బాగా తెలుసు. కావేరి కూడా వెయ్యదు. రావత్ ఈ ద్వీపంలో అడుగే పెట్టలేదనుకున్నది ఒక్కరే."

జితేంద్ర లేవబోయాడు. షట్టర్ దగ్గర కానిస్టేబుల్ ఉన్నాడు.

"ఉదయం నువ్వే చెప్పావు జితేంద్రా. ఆ కొండ దిగి ఎరగడని."

బయట నీల్ ఐలాండ్ బోటు హారన్ మోగింది.

"ఎవరినీ చంపాలనుకోలేదు," అన్నాడు జితేంద్ర చివరికి. "దారి మూసేస్తే మధ్యలోంచి వెనక్కి వస్తారనుకున్నాను. దీదీకి ఏమీ తెలీదని ఒక్కసారి, ఒకే ఒక్కసారి జనం అనుకోవాలని. షాపు పెట్టింది నేను. రాత్రింబగళ్ళు తిరిగింది నేను. నా ముందు నిలబడి, దీదీ లేదా అని అడుగుతారు."

"కొండ మీది మంచు జారిపడితే?"

అతను జేబులోంచి అద్దెగది తాళం తీసి టేబుల్ మీద పెట్టాడు.

4.35కి బతు బస్తీలో జితేంద్ర అద్దెగది నుంచి కానిస్టేబుల్ రిజిస్టర్ తెచ్చాడు. బియ్యం డబ్బాలో దొరికింది. సుచరిత, కావేరి చెరో పక్క కూర్చుని లెక్క వేశారు. జనవరి మూడో వారంలో, ఖాళీగా ఉన్న ఏడు పోగా, పదమూడు చలికాలాలకు తొమ్మిదింట్లో దారి మూసుకుపోయింది. ఫిబ్రవరి రెండో వారంలో ఒక్కసారే.

4.55కి సుచరిత లాడ్జికి ఫోన్ చేసింది.

జితేంద్ర మీద కేసు నమోదైంది. బెయిల్ వచ్చాక వాటా వదులుకున్నాడు.

*

2013 ఫిబ్రవరి 11. ధార్‌కోట్.

దారి తెరిచే ఉంది. మోకాలి లోతు మంచు. ఇరవై రెండు మందితో పాటు కావేరి కూడా వచ్చింది. మొదటి గంటలో తొమ్మిదిసార్లు పడింది.

ప్రదీప్ మొదట రానన్నాడు. తీరా బయల్దేరే రోజు సంచి సర్దుకుని జెట్టీకి వచ్చాడు.

మూడో రోజు సుచరిత, ప్రదీప్ ఇద్దరూ రావత్ ఇంటికి వెళ్ళారు. ఆయన భార్య టీ ఇచ్చింది. సుచరితను చాలాసేపు చూసింది.

"నువ్వేనా," అంది హిందీలో. "మా ఆయనకు రాయడం రాదమ్మా. కొలత ఆయనది, రాత నాది. ఆ ఉత్తరాలన్నీ నేను రాసినవే."

ప్రదీప్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏటా ఎవరో పిల్లకి ఉత్తరాలేమిటని నాకు కడుపు మండేది," అంది ఆమె. "అందుకే ఆయన చెప్పిన వాటిలో అంకెలు మాత్రమే రాసి, మిగతా మాటలు వదిలేసేదాన్ని."

సుచరిత అడగలేకపోయింది. ప్రదీప్ అడిగాడు.

"ఏం చెప్పేవారమ్మా?"

"ప్రతిసారీ ఒకే మాట. 'బిడ్డ ఇప్పుడైనా అన్నం సరిగ్గా తింటోందా, అడుగు' అనేవారు."

ప్రదీప్ చెయ్యి చాచి భార్య చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు.

"తింటోందమ్మా," అన్నాడు.