పెట్టెనెక్కిన పుట్టిల్లు

పొద్దున కాఫీ గ్లాసులు ఇంకా కడగనేలేదు, కుముదవల్లి మిద్దె మీద పెట్టెనెక్కి తిరుగుతోంది.

అది పేరుకు బట్టలు సర్దుకునే పెట్టే గానీ లక్షణాలన్నీ బండివే. మీద కూర్చుని, ముందున్న కడ్డీ పైకి లాగి, బొటనవేలితో మీట నొక్కితే సన్నగా మూలుగుతూ కదులుతుంది. వేలు తీస్తే ఆగుతుంది. విమానాశ్రయాల్లో ఎక్కువ దూరం నడవలేనివాళ్ళు దీని మీద కూర్చుని పోవచ్చని ఢిల్లీ నుంచి కూతురు రంగప్రియ పంపించింది. నేరేడు పండు రంగు. "ఇంకో రంగే దొరకలేదా దీనికి" అని భర్త దేవనాథన్ మొదటి రోజే మొహం చిట్లించాడు గానీ, కుముదవల్లికి ఆ రంగే నచ్చింది.

ఆడపిల్లల బడిలో ఏళ్ళ తరబడి నిలబడి లెక్కలు చెప్పిన మోకాళ్ళు ఆమెవి. రిటైరయ్యాక అవి ఆమె మీద కక్ష తీర్చుకోవడం మొదలుపెట్టాయి. వీధి చివర కూరగాయల బండి దాకా పోయి రావడమే గగనమైపోయింది. అలాంటిది ఇప్పుడు ఢిల్లీ పోవాలి. రంగప్రియకు నెలలు నిండుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ డాక్టరమ్మ ప్రయాణం వద్దంటే వద్దంది. కూతురు రాలేకపోతే పుట్టిల్లే కదలాలి గదా అని కుముదవల్లి ఆ రోజే అనుకుంది. ఆమె ఒకటి అనుకుంటే ఇక ఎవరి మాటా వినదు.

కింది వాటాలో అద్దెకుండే నిర్మలమ్మ బట్టలు ఆరేయడానికి మిద్దెక్కి, నోరు తెరుచుకుని నిలబడిపోయింది. ఐరాల పక్క పల్లె మనిషి. కడుపులో మాట దాచుకోవడం తెలీదు.

"ఏందక్కా ఇది? యాడికి బయల్దేరినావు?"

"నీళ్ళ ట్యాంకు దాకా. అడ్డం రావద్దు."

"పడతావక్కా, సూసుకో."

"నిన్న పడినాను. ఈ పొద్దు పడను."

నిర్మలమ్మ పకపకా నవ్వింది. "మా మామకు ఇట్లాంటిదొకటి ఉండుంటే కాణిపాకం ఆయనే పొయ్యొస్తా ఉండె, మమ్మల్ని సతాయించకుండా."

అంతలో ఫోన్ మోగింది. రంగప్రియ.

"అమ్మా, నర్సమ్మ రేపట్నుంచే వస్తానన్నది. నువ్వేం దిగులు పెట్టుకోవద్దు."

"ఏ నర్సమ్మ?"

"నాయన చెప్పలేదా? నువ్వు రాలేవని, ఎవరినైనా పెట్టుకోమని నిన్న ఆయనే ఫోన్ చేసినాడే. నాకేం ఫర్వాలేదమ్మా, నిజంగా." అమ్మ ఏదో అనబోయేలోపే పిల్ల ఫోన్ పెట్టేసింది.

కుముదవల్లి పెట్టె దిగింది. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి హాల్లోకి వచ్చేసరికి దేవనాథన్ బజారు నుంచి తులసి తెచ్చి పళ్ళెంలో పోస్తున్నాడు.

"ప్రియతో ఏం చెప్పినారు?"

ఆయన తలెత్తలేదు. "ఉన్నమాటే చెప్పినాను. ఆ కాళ్ళతో అంత దూరం ఎట్ల పోతావు? నేను తోడు రావాలంటే పూజగదిలో పెరుమాళ్ సాలగ్రామానికి ఆరాధన ఎవరు చేస్తారు? పూట తప్పని ఇల్లు ఇది."

"మిమ్మల్ని రమ్మని నేను అడగలేదే."

"ఒక్కదానివే పోయి, ఆ పెట్టె మీద కూర్చోని ఊరేగుతావా? ట్రస్టు ఆఫీసులో నాతో పనిచేసినోళ్ళు ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు? చక్రాల కుర్చీ అడిగితే వాళ్ళే మర్యాదగా తోసుకొని పోతారు గదా."

"మర్యాదగానా?" కుముదవల్లి సోఫాలో కూర్చుంది. "పోయినేడు వేలూరు ఆసుపత్రిలో కుర్చీ తోసే మనిషి నన్ను కుర్చీతో సహా గోడవైపు తిప్పి పెట్టి పోయినాడు. టీ కావాలా అని నన్ను అడగలేదు, నన్ను చూపించి మిమ్మల్ని అడిగినారు. మీరు వద్దన్నారు. నాకు ఆ పొద్దు టీ కావాల్సి ఉండింది."

దేవనాథన్‌కు ఆ సంగతి గుర్తుకు రాలేదు. మొహం చూస్తే తెలిసిపోయింది. గుర్తు లేకపోవడమే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

"కావలసినవాళ్ళకు కుర్చీ మంచిదే," అంది. "నేను యాడ ఆగాలో నేనే చూసుకుంటాను. కన్న కూతురి కాన్పుకు నేను రాలేనని నా బదులు మీరు చెప్పినారు. ఇంక నా బదులు ఎవరూ మాట్లాడొద్దు. నేను పోతా ఉండాను."

ఆయన ఎదుటే కూతురికి ఫోన్ చేసి, నర్సమ్మను వద్దనమంది, టికెట్టు తియ్యమంది. అటువైపు రంగప్రియ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజంతా ఇంట్లో గిన్నెలు తప్ప మరెవరూ మాట్లాడలేదు. సాయంత్రం దేవనాథన్ కిటికీ వైపు చూస్తూ, "రెండు టికెట్లు తియ్యమను," అన్నాడు.

"మరి పెరుమాళ్?"

"ఆయన్నీ పిల్చుకొని పోదాం. మా తాతలు కాశీ పోయినప్పుడు గూడా వెంట తీసుకొని పోయినారు."

తనను అడుగడుగునా ఆపడానికే వస్తున్నాడని కుముదవల్లికి అనుమానం. అయినా మాట పెంచలేదు.

ప్రయాణం రోజు రేణిగుంటలో ఆయన నేరేడు రంగు పెట్టెను చేతిలోంచి వదలనే లేదు. తనే లాగాడు, తనిఖీలో తనే పట్టుకుపోయాడు, విమానంలో తనే పై అరలో పెట్టి దాని మీదే కన్నేసి ఉంచాడు. నేను ఎక్కుతానని భయం కాబోలు అనుకుని కుముదవల్లి పళ్ళు బిగబట్టి నడిచింది. అది చిన్న విమానాశ్రయం కాబట్టి సరిపోయింది.

శంషాబాద్‌లో దిగి ఢిల్లీ విమానం మారాలి. ఆ నడవా చూస్తే అంతు కనిపించలేదు. కూర్చుని కూర్చుని ఆమె మోకాళ్ళు కొయ్యబారిపోయాయి. ఇక ఎవరేమనుకున్నా సరేనని పెట్టె లాక్కుని, విమానం కోసం విప్పి ఉంచిన బ్యాటరీ బిగించి, కడ్డీ పైకి లాగి కూర్చోబోయింది.

"కూర్చోవద్దు."

దేవనాథన్ కేకకు చుట్టుపక్కల జనం తిరిగి చూశారు. ఆమె మొహం ఎర్రబడింది.

"ఈడ గూడా మొదలుపెట్టినారా? నామోషీగా ఉంటే వెనక రండి. నన్ను ఎరగనట్టే రండి."

"అది కాదు కుముదా." ఆయన గొంతు దిగిపోయింది. "లోపల పెరుమాళ్ ఉండాడు."

ఇంట్లో ఉన్న సంచులూ పెట్టెలూ అన్నీ ఎప్పుడో ఒకప్పుడు విడిచిన బట్టలు మోసినవే. మైల తగలని కొత్త పెట్టె ఇదొక్కటే. పైగా బరువు ఉండకూడదని కుముదవల్లి దీన్ని ఖాళీగా వదిలేసింది. తెల్లవారుజామున స్నానం చేసి, సాలగ్రామం ఉన్న చెక్క పెట్టెను పట్టుబట్టలో చుట్టి, ఇందులో భద్రం చేశాడాయన. ఆమె దాని మీద తిరుగుతుంటే అన్ని రోజులు విసుక్కున్న మనిషికి, సర్దేటప్పుడు మాత్రం అది ఒట్టి పెట్టెలాగే కనిపించింది.

కుముదవల్లికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. దేవుడి మీద కూర్చోలేదు, నడవనూ లేదు. మైకులో ఢిల్లీ విమానం పేరు పిలుస్తున్నారు.

"పట్టుకొని రండి. నేను నడుస్తాను," అని గోడ పక్కనున్న కమ్మీ పట్టుకుని కదిలింది.

పెళ్ళైన నాటి నుంచి దేవనాథన్ ఎప్పుడూ ఆమె ముందే నడిచాడు. ఆమె వెనకెక్కడో వస్తూ ఉండేది. మొదటిసారి వెనక నుంచి చూశాడు. కాలు పక్కకు ఈడ్చి పెడుతోంది. ప్రతి అడుగుకూ భుజం ఎగిరిపడుతోంది. కమ్మీ అయిపోయిన చోట ఆగి, ఊపిరి తీసుకుని, ఏ ఆసరా లేకుండానే మళ్ళీ అడుగు వేసింది. ఈ నడకతోనే ఇన్నాళ్ళూ తనకు వండి పెట్టిందా అని ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఆగు కుముదా."

దారి మధ్యలోనే మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె తెరిచాడు. పట్టుబట్టలో ఉన్న చెక్క పెట్టెను బయటికి తీసి, "కూర్చో," అన్నాడు.

ఆమె కూర్చుంది. ఆయన ఆ చెక్క పెట్టెను ఆమె ఒళ్ళో పెట్టబోయాడు. కుముదవల్లి చేతులు వెనక్కి లాక్కుంది. ఇన్నేళ్ళుగా తులసి కట్టింది, నైవేద్యం వండింది. కానీ ఆ పెట్టెను ఆడవాళ్ళు తాకడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

"నేనా? మీ నాయన ఉండుంటే..."

"ఉంటే ఆయనకు నేనే చెప్పుకుంటాను. పట్టుకో."

ఆమె ఎడమ చేత్తో పెట్టెను పొట్టకు హత్తుకుంది. కళ్ళ నీళ్ళు తుడుచుకోవడానికి ఇంకో చెయ్యి ఖాళీ లేదు, అది మీట మీద ఉంది. దేవనాథన్ తన పైపంచెతో ఆమె చెంపలు తుడిచాడు, అంత మంది చూస్తుండగానే.

"ప్రియతో అట్ల చెప్పి ఉండకూడదు నేను," అన్నాడు. "నిన్ను అడిగి ఉండాల్సింది."

"అడిగి ఉంటే పోతాననే చెప్పుంటాను."

"తెలుసు. అందుకే అడగలేదు."

ఆమె మీట నొక్కింది. పెట్టె కదిలింది. ఆమె ఎంత వేగంగా పోతే ఆయనా అంత వేగంగా పక్కనే నడిచాడు. ఎదురుగా గుంపు వచ్చినప్పుడల్లా రెండడుగులు ముందుకు పోయి, చెయ్యెత్తి, నలుగురికీ వినబడేట్టు చెప్పాడు.

"కొంచెం దారియ్యండప్పా. మా ఆవిడ వస్తా ఉండాది. కూతురి కాన్పుకు పోవాల."