పలకని చిలక

ఆ మధ్యాహ్నం ఆమెను నిద్ర లేపింది తెలుగు.

రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారి ఊరుగాని ఊళ్ళో దిగి, కొండలా నిలబడ్డ రెండు వీధులెక్కి ఆ హాస్టల్ గది చేరేసరికి ఆమెకు ఒంట్లో ఎముకలన్నీ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. గదిలో రెండంతస్తుల ఇనుప మంచాలు వరసగా ఉన్నాయి. ఆమెకిచ్చింది పై మంచం. ఎక్కడానికి నిచ్చెన ఉంది. ఆ నిచ్చెన వైపు ఒకసారి చూసి, కింది మంచం మీద బూట్లతో సహా పడిపోయింది. న్యాయంగా చూస్తే అది కబ్జాయే. కానీ అలసటకు న్యాయం ఏం తెలుసు?

"అక్కా, నా మంచం మీద ఎవరో బస్తా పడేసి పోయారే!" అంది ఒక మగగొంతు, సరిగ్గా నెత్తి మీద. "ఆగాగు. బస్తా కాదు, మనిషే. గురక వినపడుతోందా? బూట్లన్నా విప్పలేదు, మహాతల్లి."

"అయితే లేపరా," అంది అక్క, ఫోను స్పీకర్లోంచి.

"ఇలా పడి నిద్రపోతున్న మనిషిని లేపితే పాపం చుట్టుకుంటుందక్కా."

"పోనీ నువ్వు పైన పడుకో."

"ఏడాది పొడుగునా పైకీ కిందికీ తిరగడమే కదా నా బతుకు. సెలవుల్లో కూడానా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. ఎదురుగా ఒకతను: తడిసిన జుట్టు, వీపు మీద తనంత ఎత్తు సంచి, చేతిలో ఫోను. అతను కంగారుగా రెండడుగులు వెనక్కి వేసి, మొహం నిండా నవ్వు పులుముకుని అడిగాడు.

"హలో. సారీ. యు... తెలుగు?"

అవును అంటే సరిపోయేది. అక్కడికి కథ కంచికి, మనం ఇంటికి. కానీ ఆమె తల అడ్డంగా ఊపింది.

ఎందుకు ఊపిందో చెప్పాలి. బట్టలుతికే మిషన్లు అమ్మే ఒక కంపెనీలో ఆమెది హెల్ప్‌లైన్ ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చెవికి హెడ్‌సెట్టు తగిలించుకుని, ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ తెలుగులో తినడం ఆమె పని. తిట్లు మరీ ముదిరినప్పుడు మ్యూట్ నొక్కి, ఒక్క ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మ్యూట్ తీసి తియ్యగా, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నామండీ," అనాలి. ఒకటే మాట పగలంతా పలుకుతుందని ఆఫీసులో ఆమెకు చిలక అని పేరు పెట్టారు. ఒక సాయంత్రం వాళ్ళమ్మ, "ఏమే, అన్నం పెట్టనా?" అంటే, "దయచేసి లైన్లో ఉండండి," అంది చిలక. వాళ్ళమ్మ పకపకా నవ్వి, కూతురి మొహం చూసి ఆపేసింది. మర్నాడే చిలక సెలవు పెట్టింది. తన భాష వచ్చినవాడు మచ్చుకైనా ఉండడనుకున్న దేశం ఎంచుకుని, ఫోను ఆపి సంచి అడుగున పడేసి బయల్దేరింది. ఆమె వెతుక్కుంటూ వచ్చింది కొండల్నీ నదుల్నీ కాదు. నోరు మూసుకుని ఉండే హక్కుని.

అలాంటిది, దేవుడు ఆ హక్కు మీద ఒక తెలుగువాణ్ణి తెచ్చి కూచోబెట్టాడు.

"నో," అంది చిలక. "సారీ. బెడ్." అని నిచ్చెనెక్కి గోడవైపు తిరిగి పడుకుంది.

"తెలుగు కాదటక్కా," అని కింద అతను నిట్టూర్చాడు. "మనవాళ్ళ మొహమే. కానీ నేనడిగితే గోడకి చెప్పినట్టుంది."

లోకం చిన్నదంటారు. వీపు మీద సంచేసుకుని తిరిగేవాళ్ళ లోకం మరీ చిన్నది. అందరూ చూసేవి అవే ఊళ్ళు, అందరూ ఎక్కేవి అవే బస్సులు. మ్యూజియం మెట్ల మీద ఒకసారి, బట్టలారేసుకునే డాబా మీద ఒకసారి ఎదురుపడి, కొండలకు పోయే బస్సులో మిగిలిన ఒకే ఒక్క సీటు అతని పక్కదే అయ్యాక, పలకరించకపోతే మరీ పొగరనుకుంటారని చిలక తలాడించింది.

"వాట్ జాబ్?" అన్నాడు అతను, బస్సు మలుపు తిరుగుతుంటే కిటికీ చువ్వ పట్టుకుని.

ముందు నువ్వే చెప్పు అన్నట్టు చూసింది చిలక.

"మీ, లిఫ్ట్. అప్, డౌన్. స్టాప్ అయితే... ఐ రిపేర్. యు?"

"టెలిఫోన్."

"టెలిఫోన్ రిపేర్?"

"నో. టెలిఫోన్ ఓకే. ఐ స్పాయిల్."

అతను ఒక్క క్షణం ఆలోచించి గట్టిగా నవ్వాడు. చిలకకు నవ్వొచ్చింది. దగ్గి ఊరుకుంది.

కొండదారిలో నడక మొదలయ్యాక ఎవరి దారిన వాళ్ళు పోదామన్నా ఉన్నది ఒక్కటే దారి. వాన పడితే ఇద్దరికీ ఉన్నది అతని దగ్గరి ఒక్క ప్లాస్టిక్ పట్టాయే. దాన్ని చెరో అంచూ పట్టుకుని నిలబడితే అతని ఎడమ భుజం, ఆమె కుడి భుజం తడిసిపోయేవి. మధ్యలో మాత్రం ఇద్దరూ పొడిగా ఉండేవారు. అలా ఎంతసేపు నిలబడినా చిలకకు విసుగు రాలేదు. అది ఆమెకు వింతగా తోచింది. ఎవరి పక్కనైనా విసుగు లేకుండా నిలబడి చాలాకాలమైంది.

పగలంతా ఎక్కడం, దిగడం. మోకాళ్ళు పుచ్చిన తలుపుల్లా కిర్రుమనేవి. తడిసిన మేజోళ్ళు ఎన్నిసార్లు పిండినా ఆరేవి కావు. చీకటి పడకముందే ఏదో ఒక రాతిగోడల విడిది ఇల్లు చేరితే చాలని ఉండేది. రెండో రోజునుంచి, చేరాక అతను గుమ్మం మెట్టు మీద కూర్చుని, ఫోను చెవికి ఆనించుకుని అక్కతో కబుర్లకు దిగేవాడు. వెనక బల్ల మీద చిలక కాళ్ళు చాపుకుని, ఏమీ అర్థం కానట్టు కొండల వైపు చూస్తూ కూర్చునేది.

"అక్కా, ఇవాళ మేడమ్‌కి మడమలు బొబ్బలెక్కాయి. కట్టు కడదామంటే ఏమనుకుంటుందో అని, దూదీ మందూ పక్కన పెట్టి అటు తిరిగి కూచున్నా. నువ్వు చెప్పిన మర్యాదలన్నీ పాటిస్తున్నానే, తల్లీ!"

చిలక మేజోడు పైకి లాక్కుంది.

మర్నాటి సాయంత్రం, "నవ్వితే బాగుంటుందక్కా. కానీ నవ్వదు. నవ్వొచ్చినప్పుడల్లా దగ్గుతుంది. పాపం, ఊపిరితిత్తులు పాడనుకుంటారు చూసేవాళ్ళు," అన్నాడు. చిలకకు దగ్గొచ్చింది. తప్పించుకోవడానికి లోపలికి వెళ్ళి, నీళ్ళ కూజా ముందు నిలబడి హాయిగా నవ్వుకుంది.

ఆ రోజునుంచి ఆమెకు పగలంతా నడవడం కష్టమనిపించలేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని మాత్రం ఉండేది. అలాగే తప్పు చేస్తున్నానన్న బెంగ కూడా మొదలైంది. ఒకరి మనసు వాళ్ళకు తెలియకుండా వింటోంది. ఆఫీసులో అయితే, 'మీ సంభాషణ రికార్డు చేయబడుతుంది' అని ముందే చెప్పేవాళ్ళు.

ఆఖరి సాయంత్రం అతని గొంతులో హుషారు లేదు.

"అలిసిపోయానక్కా. నడిచి కాదు, ఒక్కణ్ణీ చూసి చూసి. ఎంత అందమైన ఊరు చూసినా, 'చూశావా' అనడానికి పక్కన మనిషి లేకపోతే అదంతా దండగే. ఈ నాలుగు రోజులూ అట్లా లేదు." ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు. "రేపు కొండ దిగితే నాది ఒక బస్సు, ఆమెది ఒక బస్సు. నాకు వెళ్ళాలని లేదక్కా. ఆమె ఉండమంటే ఉండిపోతాను. అనకుండా ఎలా ఉండను? వెంటపడినట్టు ఉంటుంది. అది నావల్ల కాదు."

వెనక చిలక బల్ల మీంచి కాళ్ళు దింపింది. నోరు తెరిచింది కూడా. రెండు మాటలు అంటే చాలు. కానీ ఆ రెండు మాటల వెనక ఎన్ని మాటలు చెప్పాలి! అంతా విన్నానని చెప్పాలి. మొదటి రోజే అబద్ధమాడానని చెప్పాలి. బస్తా అన్నది కూడా విన్నానని తెలిస్తే ఈ మనిషి సిగ్గుతో చచ్చిపోడూ? ఇంకెప్పుడైనా మొహం చూస్తాడా? ఇంత నడిచిన ఒంటికి అన్ని సంజాయిషీలు చెప్పే ఓపిక లేదు. చిలక నోరు మూసుకుంది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పొద్దున్న కొండ దిగి బస్టాండు చేరేసరికి అతని బస్సు సిద్ధంగా ఉంది. అతను సంచి డిక్కీలో పెట్టించి వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"ఓకే, మేడమ్. బై."

"బై," అంది చిలక.

అతను కదల్లేదు. ఆమె కళ్ళలోకి చూశాడు, ఇంకేమైనా ఉందా అన్నట్టు. చిలక తన బూట్లు చూసుకుంది. అతను తల వంచుకుని బస్సు వైపు తిరిగాడు.

అప్పుడు అతని జేబులో ఫోను ఒకదాని మీద ఒకటి మెసేజు గంటలు కొట్టి, ఆ వెంటనే మోగింది. అతను కంగారుగా ఏదో నొక్కాడు. స్పీకరు నొక్కినట్టున్నాడు.

"ఒరేయ్! చచ్చావా, బతికావా?" బస్టాండంతా మారుమోగింది అక్కగొంతు. "కొండెక్కుతున్నానని చెప్పి నాలుగు రోజులైంది. ఒక ఫోను లేదు, ఒక మెసేజు లేదు! ఎప్పుడు చేసినా సిగ్నల్ లేదు, సిగ్నల్ లేదని ఒకటే పాట. మీ బావ పోలీసులకి చెబుదామని చొక్కా వేసుకున్నాడు తెలుసా!"

అతను స్పీకరు ఆపబోయాడు. సౌండు ఇంకా పెరిగింది.

"మరి రోజూ సాయంత్రం ఎవరితో మాట్లాడారు?"

స్పష్టమైన తెలుగు. క్యూలో ఉన్నవాళ్ళు కూడా తిరిగి చూశారు. ఆ మాట అన్నది తనేనని చిలకకు అన్నాక తెలిసింది.

"ఎవర్రా అది?" అంది ఫోను.

అతను ఫోను వైపు చూడలేదు. "మీతోనే," అన్నాడు.

చిలకకు చెవులు వేడెక్కాయి. "నాకు తెలుగొచ్చని ఎప్పుడు తెలిసింది?"

"కొండెక్కిన మొదటి రాత్రే. నిద్రలో కలవరించారు. 'మీ కంప్లైంటు నమోదైందండీ, త్వరలో మా టెక్నీషియన్ వస్తారు' అన్నారు." గొంతు సర్దుకున్నాడు. "నేను టెక్నీషియన్నే కదా. పిలిచారనుకున్నా."

"తెలిశాక అడగొచ్చుగా? నన్నిలా వెర్రిదాన్ని చేసి ఆడుకుంటారా?"

"ఆడుకోలేదండీ." అతని మొహంలో నవ్వు పోయింది. "లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే మేం తలుపు పగలగొట్టం. మనిషి బెదిరిపోతారు. ఇవతల కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటాం. లోపల్నించి జవాబు రాకపోయినా సరే, ఆపం. మాట్లాడకూడదని మీరు ఒట్టు పెట్టుకున్నట్టు కనబడింది. ఎందుకో నాకు తెలీదు. మీ నోట్లోంచి మాటలు ఊడబెరకడం ఇష్టం లేకపోయింది. కానీ నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు."

చిలకకు కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఏడేళ్ళుగా ఆమె ఎంతమంది గోడు వినలేదు! మాట్లాడకపోయినా పర్వాలేదు, నేనిక్కడే ఉన్నానని ఆమెతో అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

"ఆ రోజు నేనే ముందు అబద్ధమాడాను," అంది. "తెలుగు రాదని."

"దొందూ దొందే!" అంది ఫోను. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. అక్క ఇంకా లైన్లోనే ఉంది. "అమ్మాయ్, నువ్వెవరో ఏమిటో నాకు తెలీదు. వీడికి కబుర్లెక్కువ గానీ మనసులో కల్మషం లేదు. ఉండమంటావా, పంపించేస్తావా? అదేదో తొందరగా తేల్చమ్మా, పొయ్యి మీద పాలున్నాయి."

డ్రైవరు హారను కొట్టాడు. అతను ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. అడగలేదు. బతిమాలలేదు. బస్సు వైపు మాత్రం ఒక్క అడుగూ వెయ్యలేదు.

హారను మళ్ళీ మోగింది.

"ఉండు," అంది చిలక. మర్యాద ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలీదు. "నువ్వు వెళ్ళిపోతే నాకు బాగుండదు. ఉండిపో."

"హమ్మయ్య, పొంగలేదు," అని అక్క ఫోను పెట్టేసింది. పాల సంగతే అయ్యుంటుంది.

డ్రైవరు సణుక్కుంటూ దిగి, డిక్కీ తెరిచి, సంచి బయటికి తోసి, బస్సు తీసుకుని పోయాడు. దుమ్ము సర్దుకున్నాక ఇద్దరూ బస్టాండు బల్ల మీద కూలబడ్డారు. అతను ఏదో అనబోతే చిలక చెయ్యెత్తి ఆపింది.

"ఇవాళ మాత్రం నాతో ఏమీ మాట్లాడకు. ఒళ్ళంతా పులిసిపోయింది. నీతో మాట్లాడ్డానికి ఎన్ని రోజులైనా ఉన్నాయి."

అతను సరేనని తలూపి, కాళ్ళు చాపుకుని, నోటికి తాళం వేసుకున్నాడు. చిలక అతని భుజానికి తల ఆనించి కళ్ళు మూసుకుంది. రోడ్డు మీద బళ్ళు వచ్చిపోతున్నాయి. ఎవరో టీ అమ్ముకుంటున్నారు.

అతను మాట మీద నిలబడ్డాడు. నిలబడలేనిది ఆమే. పట్టుమని పది నిమిషాలైనా కాకుండానే, "అది కాదు, మా అమ్మ ఉందే..." అని మొదలుపెట్టి, పొద్దువాలి బస్టాండు దీపాలు వెలిగేదాకా ఆపలేదు.