దీపం కింద రెండో మొహం

దెయ్యాలు నెత్తురు తాగుతాయంటారు. మేముండే ఈ హిందీ ఊళ్లో, పర్సుడీహ్ బజారు దాటాక, రైల్వేవాళ్లు ఖాళీ చేసి వదిలేసిన క్వార్టర్ల మలుపులో ఉన్నది మాత్రం ఐడీలు తింటుందని పేరు.

ఐడీ అంటే, ఇంటింటికీ భోజనాలు మోసే కుర్రాళ్లకి కంపెనీ యాప్‌లో ఉండే ఖాతా. అందులో వాడి పేరు, వాడి మొహం. అది ఉంటేనే ఆర్డర్లు. పోతే వాడు రోడ్డున పడ్డట్టే. ఆ మలుపులో ఆగి ఫోటో తీసుకున్నవాళ్ల ఐడీలు వరసగా పోతున్నాయి. హరికిరణ్‌ది పోయింది. సౌరభ్‌ది పోయింది. ‘నియమాలు తప్పారు’ అని ఓ ముక్క, అంతే. ఏ నియమమో చెప్పే మనిషి ఆ కంపెనీలో లేడు. అసలు మనిషనేవాడే లేడేమోనని నా అనుమానం.

కుర్రాళ్లు మాత్రం కారణం గుసగుసగా చెప్పుకునేవారు... చందు.

చందూది కూడా ఇదే పని. వాళ్ల నాన్న పోతే కర్మ చేసి, గుండు కొట్టించుకుని, మీసం తీయించుకుని డ్యూటీకొచ్చాడు. యాప్ మధ్యమధ్యలో నీ మొహం చూపించమంటుంది. ఐడీ ఇంకొకడికి అద్దెకిచ్చావేమోనని దాని అనుమానం. చందు చూపించాడు. ‘ఇది మీరు కాదు’ అంది. మళ్లీ చూపించాడు. కాదంది. మోసగాడివని ఐడీ మూసేసింది. తండ్రి చావు కాగితం పట్టుకుని బిష్టుపూర్‌లో కంపెనీ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, ఒక రాత్రి ఇంటికొస్తూ ఆ మలుపులోనే లారీ కింద పడ్డాడు.

తన ఐడీ పోయింది కాబట్టి ఇప్పుడు అందరివీ లాక్కుంటున్నాడని వాళ్ల నమ్మకం.

ఇదంతా నాకు చెప్పింది మురళి. వాడి నాన్న తవిటయ్య కాంట్రాక్టు పనిలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది మురళి ఐడీ మీదే.

ఒక రాత్రి మురళి డ్యూటీలో ఉండగా వాన వెలిసింది. రోడ్డు పొడుగునా దీపాలు చచ్చిపోయి ఉన్నాయి. వెనక పెట్టెలో ఎవరిదో బిర్యానీ చల్లారిపోతోంది. సరిగ్గా మలుపు ముందు ఫోను మోగింది — మొహం చూపించు.

గడువు కాసేపే. దాటితే ఐడీ ఆగిపోతుంది. చీకట్లో తీస్తే మొహం కనపడదు. వెలుతురున్నది ఒక్కచోటే — మలుపులో, పాత క్వార్టరు గోడ దగ్గర, రైల్వే దీపం కింద.

“ఏటి చేత్తాను బాబాయ్... ఎల్లి ఆ దీపం కిందే ఆగీసేను,” అన్నాడు మురళి.

గోడ వైపు కన్నెత్తి చూడకుండా, దానికి వీపు పెట్టి ఫోను ఎత్తాడు. తెర మీద ఒక గుండ్రటి కంత, అందులో తన మొహం. చుట్టూ అంతా తెల్లగా మూసేసి ఉంటుంది. వెనకాల ఏముందో కనపడదు.

ఫోనులోంచి ఆడగొంతు, హిందీలో, ఎంతో మర్యాదగా — ‘ఇద్దరు కనిపిస్తున్నారు. దయచేసి మీరొక్కరే ఉండండి.’

మురళి రోడ్డుకి అటూ ఇటూ చూశాడు. రోడ్డు మీద కుక్క కూడా లేదు.

కొంచెం పక్కకి జరిగి మళ్లీ ఎత్తాడు.

‘ఇద్దరు కనిపిస్తున్నారు.’

వెనకాల... తడిబట్ట విదిల్చినట్టు చప్పుడు. ఆగింది. మళ్లీ వినిపించింది. మెడ మీద చల్లటి చుక్క పడింది. తల తిప్పడానికి ధైర్యం చాల్లేదు.

“చందూ...” అన్నాడు గుసగుసగా. “నాన్న మంచం మీదున్నాడ్రా. నన్నొగ్గీరా.”

మూడోసారి ఎత్తాడు.

‘ఇద్దరు —’

తెర ఎర్రబడింది. ఐడీ మూసుకుపోయింది.

అప్పుడు భయం పోయింది వాడికి. ఇంక పోవడానికేముంది? వెనక్కి తిరిగాడు.

భుజం వెనకాల చందు నవ్వుతున్నాడు. నిండా జుట్టు, ఒత్తుగా మీసం.

ఫ్లెక్సీ.

చందు తల్లి దాలమ్మ, కొడుకు పోయిన చోట గోడకి కట్టించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. గాలికి టపటపమంటోంది, వాన నీళ్లు కారుతున్నాయి. పగలు అక్కడ ఆగే పని ఎవరికీ లేదు. రాత్రి ఆగినవాడెవడూ భయంతో వెనక్కి చూడలేదు. దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు.

మురళి ఒక్కడే పిచ్చోడిలా నవ్వాడట. ఫ్లెక్సీకి ఫోటో తీసి, ‘ఇది బొమ్మ, మనిషి కాదు. ఈయన చనిపోయారు’ అని రాసి యాప్‌కి పంపాడు. ఇంక ఐడీ వచ్చేస్తుందని గుండె తేలికపడింది.

జవాబు వెంటనే వచ్చింది. ఏ మనిషీ అంత తొందరగా చదవలేడు.

‘మీతో ఉన్న వ్యక్తిని గుర్తించాం. పేరు చందు. మోసం చేసినందుకు మేము తొలగించిన ఇతనికి మీ ఐడీ ఇచ్చి పని చేయిస్తున్నారు. మీ ఐడీని శాశ్వతంగా రద్దు చేశాం.’

తెల్లారి మురళి దాలమ్మ ఇంటికెళ్లాడు. ఆ మాట ఎలా అడగాలో తెలీక ముందు ఫోనులో ఉన్నది చదివి, తెలుగులో చెప్పాడు.

“నాదెలాగూ పోనాది పిన్నీ. ఆ ఫ్లెక్సీ తీసీకపోతే మిగతా కుర్రోల్లవి కూడా పోతాయి.”

దాలమ్మ “ఇంకోపాలి సదువు బాబూ,” అంది. మళ్లీ చదివాడు.

“ఎప్పుడు సూసిందట ఆడిని?”

“రాత్రే, పిన్నీ.”

ఆవిడ లేచి, వంటింట్లోంచి కత్తి తెచ్చుకుని వాడి బండెక్కింది. మలుపు దగ్గర దిగి తాళ్లు తనే కోసింది. ఫ్లెక్సీ కింద పడనివ్వకుండా రెండు చేతులా పట్టుకుని, కొంగుతో కొడుకు మొహం మీద నీళ్లు తుడిచింది.

“గుండుతో బతికున్నోడు ఎదటికెళ్లి నిలబడితే ఆడు కాదన్నాది,” అంది, మురళి వైపు చూడకుండానే. “సచ్చిపోయినాక బొమ్మని సూసి... ఆడే అంటంది.”