పై గదిలో ఉక్కపోత

ప్రణవి కాఫీ గ్లాసుతో మేడ మీదికి వెళ్ళేసరికి మామగారు పార్థసారథి అప్పటికే లేచి దుప్పటి మడత పెడుతున్నారు. ఒంటి మీద బనీను వీపుకి అతుక్కుపోయింది. దిండు మీద తల ఆనించిన చోట తడి మరక. కిటికీలూ, గది తలుపూ బార్లా తీసి ఉన్నాయి. గోడకున్న ఏసీ ఎప్పటిలాగే ఆగి ఉంది. పైన ఫ్యాను మాత్రం ఉన్న వేడినే గిరగిరా తిప్పుతోంది.

"రాత్రి కూడా ఏసీ వేసుకోలేదా మామయ్యగారూ?"

"నాకు పడదమ్మా. ఫ్యాను చాల్లే," అని ఆయన గ్లాసు అందుకుని, ఎప్పుడూ అడిగే మాటే అడిగారు. "మీ అత్తయ్య లేచిందా?"

"లేచారండీ. అక్షర దగ్గర కూర్చుని జడ ఎలా వెయ్యాలో చెబుతున్నారు."

ఆయన మనవరాలిని తలుచుకుని నవ్వి రెండు గుక్కలు తాగారు. గ్లాసు బల్ల మీద పెట్టబోతూ తూలి, చప్పున మంచం పట్టె పట్టుకున్నారు. ప్రణవి భుజం పట్టుకుని కూర్చోబెట్టకపోతే కింద పడేవారే. ఒళ్ళు వేడిగా, అరచేతులు చెమటగా ఉన్నాయి.

క్లినిక్‌లో డాక్టరు, వేడికి ఒంట్లో నీరు తగ్గిపోయిందని, ఈ వయసులో అలాంటి గదిలో పడుకోకూడదని గట్టిగా చెప్పాడు. తిరిగొచ్చే దారి పొడుగునా ప్రణవి భర్త కృష్ణచైతన్య తండ్రితో మాట్లాడలేదు. కోపం కంటే భయమే ఎక్కువగా ఉందని ఆమెకి తెలుసు.

అత్తగారు హైమావతికి పక్షవాతం వచ్చి కోలుకున్నాక, అత్తమామలిద్దరినీ కాకినాడ నుంచి ఈ దేశానికి తీసుకొచ్చారు. బుకిట్ బటోక్‌లో ఉన్న ఫ్లాటు చాలదని, అదే నగరంలో సెరంగూన్‌లో ఈ పాత రెండంతస్తుల ఇల్లు కొన్నారు. అత్తగారు మెట్లెక్కలేరు కాబట్టి వంటింటి పక్కనున్న చిన్న గది ఆవిడకి. అందులో ఒక మంచం పడితే వాకరు తిరగడానికే చోటు. కింద ముందు గది చైతన్య ఆఫీసు. బ్యాంకు పని సగం ఇంటి నుంచే చేస్తాడు. మామగారికి పైన చివరి గది. అత్తగారి మంచం దగ్గర ప్రణవి ఒక బెల్లు కూడా పెట్టించింది. నొక్కితే తమ గదిలో మోగుతుంది. వచ్చినప్పటి నుంచీ అది ఒక్క రాత్రీ మోగలేదు. ఆవిడ హాయిగా నిద్రపోతున్నారని ప్రణవి మురిసిపోయేది.

"ఏసీ వద్దనే మనిషికి గదిని కాదు, ఇల్లు మొత్తాన్నీ చల్లబరచాలి," అన్నాడు చైతన్య ఆ రోజు భోజనాల దగ్గర. "పగలంతా పెంకులు కాలి, ఆ వేడంతా అటకలో కూర్చుంటోంది. రాత్రి అదే నాన్న గదిలోకి దిగుతోంది. మెట్ల పైన సీలింగులో పెద్ద ఫ్యాను పెడతారు. కిటికీలు తెరిచి వేస్తే బయటి చల్లగాలిని ఇంట్లోకి లాగి, వేడిని అటకలోకి నెట్టి, చూరు కింది కన్నాల్లోంచి బయటికి పంపేస్తుంది. పగలు అటకలో వేడి తియ్యడానికి ఇంకో చిన్న ఫ్యాను."

"ఇక్కడ గాలిలో ఎప్పుడూ తేమే కదా?"

"తేమని అదేం చెయ్యలేదు. బయట ఎండ మండుతున్నప్పుడు వేసినా లాభం లేదు. కానీ వాన వెలిశాక, పొద్దుపోయాక గాలి చల్లగానే ఉంటుందిగా. ఆ వేళల్లో వాడుకుంటే చాలు. మనం ఏసీ వేసుకునేది కూడా తగ్గుతుంది."

పార్థసారథి పెరుగన్నం కలుపుకుంటూ విన్నారు. "ఎందుకురా ఈ హడావుడంతా," అన్నారు మెల్లగా.

ఆ పై వారం సీలింగు కోసి ఫ్యాను బిగించారు. సాయంత్రం పెద్ద వాన పడి వెలిసింది. చైతన్య ఇంట్లో కిటికీలన్నీ తెరిపించి స్విచ్చి వేశాడు. పైన పెద్ద హోరు మొదలైంది. పరదాలన్నీ ఒక్కసారిగా లోపలికి ఎగిరాయి. తడిమట్టి వాసనతో గాలి మెట్ల మీదుగా పైకి పరిగెత్తింది. కాసేపటికే పై గదిలోని ఉడుకు తగ్గింది.

"సో షియోక్ లా డాడీ, ఎంత హాయిగా ఉందో," అంటూ అక్షర చేతులు చాచి మెట్ల మీద నిలబడింది. ప్రణవికి కూడా ప్రాణం లేచొచ్చినట్టయింది. చైతన్య ముఖం వెలిగిపోతోంది. తండ్రికి చూపిద్దామని వెతికితే ఆయన పైన లేరు.

అంతలో పార్థసారథి మెట్లెక్కి వచ్చారు. ఎవరి ముఖమూ చూడకుండా నేరుగా వెళ్ళి స్విచ్చి ఆపేశారు.

"రేపు దీన్ని తీయించెయ్."

చైతన్య నమ్మలేనట్టు చూశాడు.

"ఏసీ వద్దన్నారు, సరే అన్నాను. మీ కోసమని ఇది పెట్టించాను. ఇదీ వద్దంటే నేనేం చెయ్యాలి నాన్నా? మీరు కళ్ళు తిరిగి పడిపోతుంటే చూస్తూ కూర్చోవాలా? మా దగ్గర ఉండడం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పండి."

"చైతూ, ఏంటా మాటలు," అంది ప్రణవి.

"చెప్పనీ ప్రణవీ. ఏది చేసినా వద్దనే అంటారు. ఎందుకో మాత్రం చెప్పరు."

పార్థసారథి గోడకి ఆనుకున్నారు. "మీ అమ్మ పిలిచిందిరా," అన్నారు. "వినిపించిందా నీకు?"

చైతన్య అడ్డంగా తలూపాడు.

"నాకూ వినిపించలేదు. ఈ హోరులో ఎందుకో మనసాగక కిందికి వెళ్ళాను. వాకరు పడిపోయింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంటే మంచం మీద కూర్చోబెట్టి వచ్చాను. ఎంతసేపటి నుంచి పిలుస్తోందో. ఆ జబ్బు చేసినప్పటి నుంచి దాని గొంతు ఎంతుందో తెలుసుగా నీకు."

అందరూ గబగబా కిందికి దిగారు. హైమావతి మంచం అంచున కూర్చుని, ఏదో తప్పు చేసినదానిలా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది.

"బెల్లు ఉంది కదా అత్తయ్యగారూ. రాత్రి ఎప్పుడైనా అవసరమైతే నొక్కమన్నాను కదా," అంది ప్రణవి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని.

"పగలంతా ఆఫీసులకి తిరిగొస్తారు. మిమ్మల్ని లేపడం ఎందుకమ్మా," అంది హైమావతి. మాట కొంచెం ముద్దగా వస్తుంది. "నేను 'ఏవండీ' అంటే ఈయనొచ్చేస్తారు."

"ప్రతి రాత్రీనా?"

"రోజూ కాదు. మంచినీళ్ళకో, కాలు పట్టేసినప్పుడో."

ప్రణవి తలెత్తి మామగారిని చూసింది. అందుకా ఆ తలుపు ఎప్పుడూ తెరిచి ఉండేది? ఏసీ వేస్తే తలుపు మూయాలి. తలుపు మూస్తే ఆ చిన్న గొంతు పైదాకా వినిపించదు. ఇన్ని నెలలూ ఈయన ఒక చెవి కిందికి పెట్టుకుని, ఆ ఉక్కలో సగం నిద్రే పోయారన్నమాట. బెల్లు మోగలేదని తాను మురిసిపోయిన రాత్రులన్నీ గుర్తొచ్చి ఆమె కళ్ళు నిండిపోయాయి.

"ఒక్క మాట చెప్పాల్సింది మామయ్యగారూ. గదులు పంచింది నేనే కదా."

ఆయన ఇబ్బందిగా నవ్వారు. "ఏమని చెప్పనమ్మా? ముందు గదేమో వాడి ఉద్యోగానిది. ఈ వయసులో మా ఇద్దరికీ ఒకే గది ఇవ్వమని కోడల్ని అడగడానికి సిగ్గేసింది."

"నాకేం సిగ్గు లేదు. ఈయనే వద్దన్నారు," అంది హైమావతి.

అక్షర కిసుక్కున నవ్వింది. చైతన్య మాత్రం తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. "తప్పుగా మాట్లాడాను నాన్నా," అన్నాడు.

"భయపడ్డావు. నాకు తెలీదా," అన్నారాయన.

శనివారం పొద్దున్నే చైతన్య తన స్క్రీన్లూ, బల్లా, కుర్చీ పై గదికి మోసుకెళ్ళాడు. ముందు గది కడిగి రెండు మంచాలు పక్కపక్కన వేశారు. ఏది కిటికీ వైపు అన్నదాని మీద అత్తామామలు చాలాసేపు వాదించుకున్నారు. ఫ్యాను బిగించినవాళ్ళు మళ్ళీ వచ్చి చూశారు. దాన్ని నేరుగా సీలింగు దూలాలకి బిగించడం వల్లే ఇల్లంతా అదిరి ఆ హోరు వస్తోందన్నారు. ఈసారి అటకలో దూరంగా పట్టీలకి వేలాడదీసి, అక్కడి నుంచి మెట్ల పైదాకా పెద్ద గొట్టం వేశారు. నెమ్మదిగా తిప్పితే ఇప్పుడు గాలే తప్ప హోరు తెలియడం లేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఏ గదికీ తలుపు వెయ్యాల్సిన పని పడలేదు.

సోమవారం ప్రణవి దోసెలు పోస్తుండగా వాకరు చప్పుడైంది. హైమావతి మెల్లగా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ప్రణవీ, రాత్రంతా మీ మామగారు ఒకటే గురక. నాకు కంటిమీద కునుకు లేదు."

"అయ్యో, మళ్ళీ పైకి పంపించేద్దామా అత్తయ్యగారూ?"

హైమావతి ముందు గది వైపు చూసింది.

"వద్దులే," అంది. "ఆ గురక విని ఎన్నాళ్ళయిందో."

స్టవ్ తగ్గించి ప్రణవి ముందు గదిలోకి తొంగి చూసింది. కిటికీలోంచి ఎండ మంచం దాకా వచ్చినా పార్థసారథి ఇంకా లేవలేదు. నోరు కొంచెం తెరిచి, ఒక చెయ్యి పక్క మంచం మీదికి చాపి, గాఢంగా నిద్రపోతున్నారు. మెట్లు దిగుతూ చైతన్య "నాన్నా" అని పిలవబోయాడు. ప్రణవి వేలు పెదాల మీద పెట్టుకుని వద్దన్నట్టు తలూపింది.