చివరి గాలిమర బదులు పలుకుతుంది

కొండ మీద గాలిమరలు వరసగా నిలబడి ఉంటాయి. వాటిలో చివరిదానికి మాత్రం చెడ్డపేరు. చీకటి పడ్డాక దాని దగ్గరికి వెళ్ళమంటే, కండలు తిరిగినవాళ్ళకి కూడా ఉన్నట్టుండి ఇంకేదో పని గుర్తొచ్చేది.

ఎందుకో చెబుతాను. ఆపిన మరను మళ్ళీ తిప్పేముందు అక్కడివాళ్ళు స్పానరుతో దాని స్తంభాన్ని కొడతారు. స్తంభమంటే లోపలంతా బోలుగా ఉండే పెద్ద ఇనుప గొట్టం. లోపల నిచ్చెన, చిట్టచివర యంత్రాల గది. పైన ఎవరైనా పనిలో ఉంటే తిరిగి కొడతారు. బదులు రాకపోతేనే మీట నొక్కాలి. అది వాళ్ళ కట్టుబాటు.

చివరి మర మాత్రం... పైన ఎవరూ లేకపోయినా బదులు పలికేది.

దాంతో అక్కడ కొట్టడమే మానేశారు. మీట నొక్కడం — వెనక్కి తిరిగి చూడకుండా జీపెక్కడం. అంతే.

నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతి అక్కడ టెక్నీషియనుగా చేరింది. ఇదంతా తను చెప్పిందే.

ఒక సాయంత్రం గ్రీజు పెట్టడానికి చివరి మరను ఆపారు. చీకటి పడగానే కంట్రోల్ రూం నుంచి ఒకటే ఫోన్లు — కింద ఉక్కు ఫ్యాక్టరీలో కొత్త కొలిమి మొదలైంది, కరెంటు చాలడం లేదు, వెంటనే తిప్పండి అని. ఆ అమ్మాయీ, మేస్త్రీ కలిసి వెళ్ళారు.

“గ్రీజు పని అయిపోయిందంటారా, మేస్త్రిగారూ?”

“మా బామ్మర్దేగా చేసింది! ఈపాటికి ఇంట్లో ముసుగుతన్ని పడుకుని ఉంటాడు. వెధవ, ఫోనెత్తితే ఒట్టు!”

తలుపు తీసుకుని స్తంభం లోపలికి వెళ్ళారు. ఆమె స్పానరెత్తింది.

“అమ్మాయ్... ఇక్కడ వద్దు,” మేస్త్రి గొణిగాడు.

ఆమె కొట్టింది.

బయట గాలి ఈల వేస్తోంది. కాసేపు ఇంకే చప్పుడూ లేదు. ఆ తర్వాత పైనుంచి — ఠక్... ఠక్...

“చూశావా? అది దెయ్యమే. మీట నొక్కు, పోదాం.”

“మనిషైతేనో?”

“మనిషైతే అరవడూ?”

పై గదిలో పళ్ళచక్రాల మధ్య ఎవరి చెయ్యైనా ఉండగా మర తిరిగితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. తలకి లైటు కట్టుకుని నిచ్చెనెక్కింది. జేబులో ఫోను మోగుతూనే ఉంది.

సగం దూరం ఎక్కేసరికి... ఏదో కదిలింది.

ఆమె లైటు అటు తిప్పింది.

గొలుసుకి వేలాడుతున్న ఇనుప కొక్కెం! కింద కొట్టిన దెబ్బకి ఊగి, నిచ్చెనకి తగులుతోంది. ఇన్నాళ్ళూ ఇంతమందిని పరిగెత్తించింది ఇదా! ఆమెకి నవ్వాగలేదు. తీగతో దాన్ని నిచ్చెనకి బిగించి కట్టేసింది.

“దెయ్యం దొరికింది, మేస్త్రిగారూ!”

కిందినుంచి పెద్ద నవ్వు. “ఇక దిగిరా తల్లీ! నువ్వు దిగగానే నొక్కేస్తాను!”

దిగబోతూ ఆగింది. కట్టుబాటు కట్టుబాటే కదా అనుకుని, స్పానరుతో నిచ్చెన మీద మళ్ళీ కొట్టింది.

కట్టేసిన కొక్కెం కదల్లేదు.

పైనుంచి... ఠక్.

“నొక్కకండి... నొక్కకండి!” అరుస్తూనే పైకి ఎగబాకింది.

యంత్రాల గదిలో — మేస్త్రి బామ్మర్ది. కుడిచెయ్యి మోచేతిదాకా పళ్ళచక్రాల మధ్య ఇరుక్కుని ఉంది. ఎడమచేతిలో గ్రీజు డబ్బా మూత. అందనంత దూరంలో, మూలన పడి ఉంది అతని ఫోను.

ఆమె నీళ్ళసీసా నోటికి అందించింది. రెండు గుక్కలు తాగాడు.

“అరిచి అరిచి గొంతు పోయిందమ్మా...” గుసగుసగా అన్నాడు. “కానీ ఈ గొట్టంలో కిందివాళ్ళ ప్రతి మాటా పైకి వినిపిస్తుంది. ఇందాక ‘అది దెయ్యమే, మీట నొక్కు’ అన్నది...”

ఊపిరి తీసుకున్నాడు.

“మా బావే కదూ?”